మైదుకూరు మీది ఆకాశం

కడప,
ఆషాఢం, శనివారం.

తమ్ముడు వీరేంద్రకు,

దేవుని కడప స్వామి నిన్నూ శశికళనూ చల్లగా చూడాలి. ఇక్కడ నేను బాగున్నాను. విషయానికి వస్తాను.

నీ కర్నూలు విమానాశ్రయం టవర్‌కూ నా కడప టవర్‌కూ నడుమ ఉన్న హాట్‌లైనులో మనం మాట్లాడే ప్రతి మాటా రికార్డవుతుందని నీకు తెలుసు. నాకూ తెలుసు. మరిచిపోయేది నువ్వు. పైఆఫీసు నుంచి ఉమామహేశ్ గారు మూడు నెలల రికార్డులు కూర్చొని విన్నారట. ఒక తాఖీదు పంపారు. మన మాటలు టైపు చేయించి దానికి జత చేశారు. మచ్చుకు ఒకటి ఎక్కిస్తున్నాను.

కర్నూలు: శిక్షణ విమానం మీ వైపు వస్తోంది. మూడు వేల అడుగులు.
కడప: మూడు వేల అడుగులు, అందింది. ఏమిరా, గొంతు బొంగురు పోయిండాది?
కర్నూలు: ఏం ల్యాక్కా, నిన్న ఐస్‌క్రీమ్ తిన్యా.
కడప: మిరియాల కషాయం తాగు.
కర్నూలు: ఊఁ.
కడప: ఊఁ కాదు, తిరిగి చెప్పు.
కర్నూలు: మిరియాల కషాయం, తాగుతా.
కడప: సరి.

ఆఖరి వరుసల కింద ఎర్రగీత గీసి, "ఇది ఏ విమానానికి సంబంధించిన ఆదేశము?" అని అడిగారు.

ఇకమీదట సొంత మాటలు ఉత్తరాల్లోనే. సెల్‌ఫోన్ ఉంది కదా అంటావు. ఫోనులో నువ్వు అరుస్తావు, నేను ఊరుకుంటాను. సగం సంగతి మిగిలిపోతుంది. కర్నూలు బస్సులో పార్శిలుకు వేస్తే సాయంత్రానికి నీకు చేరుతుంది.

రెండో సంగతి. ఆకాశాన్ని మళ్లీ గీస్తున్నారు. పెద్ద విమానాలకు పైన తిన్నని దారులు వేసి, కింది ముక్కలను మనలాంటి చిన్న టవర్లను పంచుకొమ్మన్నారు. నీ ముక్కకూ నా ముక్కకూ నడుమ గీత ఎక్కడ ఉండాలి, విమానాన్ని ఒకరి నుంచి ఒకరు ఎలా తీసుకోవాలి అన్నది మనిద్దరం ఇన్‌చార్జీలుగా ఒప్పందం రాసి సంతకాలు పెట్టాలి. కార్తీకం ముగిసేలోగా.

గీతను మైదుకూరుకు ఉత్తరాన పెట్టుకుందాం. మైదుకూరు నాకు వదిలెయ్.

రోట్లో నూరిన చెనిగ్గింజల ఊరిబిండి సీసాలో పంపుతున్నాను. సీసా తిరిగి పంపు.

అక్క,
హేమావతి


కర్నూలు,
ఆషాఢం, బుధవారం.

పెద్దక్కకు వీరేంద్ర వంగి చేసే నమస్కారాలు.

ఊరిబిండి అందింది. తాఖీదు కూడా అందింది. నాకు పంపిన ప్రతిలో ఇంకా ఘోరాలున్నాయి. ఒక చోట "కర్నూలు: (తుమ్ము). కడప: చిరంజీవ." అని టైపు చేసినారు. ఆ కాగితం మా యేసుప్రసాద్ కంటబడింది. నా కింద పనిచేసే కంట్రోలరే గానీ, ఆ రోజు నుంచి నా మీద వాడిదే కంట్రోలు. డ్యూటీ మారేటప్పుడల్లా "సార్, కషాయం తాగినారా? తిరిగి చెప్పండి" అంటాడు.

అది అట్లుంచు. మైదుకూరు వదిలెయ్ అని ఎంత తేలిగ్గా రాశావక్కా! మన నాయిన మగ్గం గుంత ఉన్న ఊరు. నేను పుట్టిన ఊరు. ఈ రోజుకీ మన నాగజ్యోతక్క కాపురముండే ఊరు. దాన్ని నీకు రాసిచ్చి నేను ఆళ్లగడ్డ వరకే ఏలుకోవాలా? మైదుకూరు కడప జిల్లాలోనే కదా ఉండేది అంటావు. జిల్లాలు నేల మీద ఉంటాయక్కా. నేను మాట్లాడేది ఆకాశం గురించి.

పోనీ, సెంటిమెంటు పక్కన పెడతా. నాకు సాంకేతిక కారణం కూడా ఉంది. మా దగ్గర విమానం నేర్చుకునే పిల్లోళ్లు రోజూ దక్షిణానికి ఎగిరి, మైదుకూరు నాలుగు రోడ్ల కూడలి చూసుకొని వెనక్కి తిరుగుతారు. ఆ కూడలి తప్ప ప్రపంచంలో ఇంకోటి గుర్తుపట్టలేరు. మొన్న ఒకడు "మైదుకూరు కనిపించింది సార్" అన్నాడు. అనుమానమొచ్చి, కింద ఏముంది నాయనా అని అడిగినా. "పెద్ద చెరువు సార్, సముద్రం మాదిరి" అన్నాడు. అది మా అత్తగారి ఊరు బద్వేలు! పెళ్లిచూపులకు పోయినప్పుడు ఆ చెరువు కట్ట మీదే నా స్కూటర్ చెడిపోయింది కాబట్టి సరిపాయ, లేకుంటే వాణ్ని ఎవరు వెనక్కి తెచ్చేవాళ్లు? ఇట్లాంటి పిల్లోళ్లను కూడలి చుట్టూ ఒక్క మలుపు తిరగడానికి నీకు అప్పగించి, తిరిగేలోగా మళ్లీ నీ దగ్గర తీసుకోవాలంటే వాళ్లు ఏ ఊర్లో దిగుతారో నేను చెప్పలేను.

ఇంకో మాట. ఆ అప్పగింత పద్ధతి కూడా మార్చుకుందాం. ఇప్పుడు ప్రతి విమానానికీ ఫోను ఎత్తాలి, నేను చెప్పాలి, నువ్వు తిరిగి చెప్పాలి, నేను సరే అనాలి. అస్సాంలో, దిబ్రూగఢ్ టవర్లో పనిచేసేటప్పుడు మేము మాట లేకుండానే అప్పగించేవాళ్లం. విమానం ఒప్పుకున్న చోటికి, ఒప్పుకున్న ఎత్తులో వస్తుంది. నేను పైలట్‌తో "ఇంక కడపతో మాట్లాడుకో" అంటా. వాడు నీతో పలుకుతాడు. వివరమంతా ముందే నీ కంప్యూటర్లో వచ్చి ఉంటుంది. తేడా ఉంటేనే ఫోను. నీకు రిసీవర్ ఎత్తే పని తప్పుతుంది, భుజం నొప్పి అంటుంటావు కదా.

తాఖీదు రెండో పేజీ చదివావా? ఒప్పందం కుదరకపోతే నా ముక్కను పెద్ద కేంద్రానికి కలిపేస్తారంట. అప్పుడు ఇక్కడ ఇన్‌చార్జి పోస్టే ఉండదు. నన్ను మళ్లీ దిబ్రూగఢ్ తోలుతారు. తొమ్మిదేండ్లు ఆ వానలో నానినా అక్కా. నా బట్టలు ఇప్పటికీ సరిగా ఆరలేదు. శశికళ తన నిర్ణయం చెప్పేసింది: "నువ్వు పో. నేనూ నా గ్రైండరూ బద్వేల్లో ఉంటాం."

కాబట్టి తొందరగా ఒప్పుకో.

నీ తమ్ముడు,
వీరేంద్ర

(సీసా ఇంకా ఖాళీ కాలేదు.)


కడప,
శ్రావణం, రెండో శుక్రవారం.

తమ్ముడు వీరేంద్రకు,

అమ్మవారి కుంకుమ ఇందులో మడిచి పెట్టాను. శశికళకు ఇవ్వు.

మైదుకూరు సంగతి. ఐదు వేల అడుగుల కింద నీది. పైన నాది. నీ పిల్లోళ్లు కింద తిరుగుతారు, నా హైదరాబాదు విమానం పైన పోతుంది. ఒకరితో ఒకరికి పని లేదు. ఇది మొదటి రోజే నాకు తోచింది. నువ్వే అడుగుతావని చూశాను.

నాగజ్యోతికి చెప్పాను. ఊర్లో ఉండేది ఆమె కదా, తెలియాలి.

"అంటే నా మిద్దె ఎవురిదిప్పుడు?" అంది.

మిద్దె నీదే, మిద్దె మీద ఆకాశం వీరేంద్రది, దాని మీద ఆకాశం నాది అన్నాను.

"మరి మిద్దె మింద వడియాలు ఆరబెట్టినా. కాకులొస్తాండాయి. ఎవురికి ఫోన్ చేయాల?"

నీకు చేయమన్నాను. కాకులు ఐదు వేల అడుగులు ఎగరవు.

ఇక అప్పగింత. అది నోటితోనే జరగాలి. ప్రతి విమానమూ. నువ్వు చెప్పాలి, నేను తిరిగి చెప్పాలి. ఇది మారదు.

సీసా రాలేదు.

హేమావతి


కర్నూలు,
శ్రావణం, బహుళ పక్షం.

పెద్దక్కకు,

ఐదు వేల అడుగుల కింద మైదుకూరు నాకు దక్కినందుకు ఇంట్లో పాయసం చేయించినా. నాకూ ఆ ఆలోచన మొదటి రోజే వచ్చింది. నువ్వే అడుగుతావని నేనూ చూస్తాంటి. మన నాయినకు పుట్టినవాళ్లం అనిపించుకున్నాం. నాగజ్యోతక్క ఫోన్లు మాత్రం తగ్గలేదు. నిన్న గాలిపటం వచ్చిందంట. "నీ ఆకాశంలోకి ఎవుడో జొరబడినాడు రా" అని ఫిర్యాదు. టవర్లో ఉన్నా, ఎత్తుతానా? ఎత్తలేదని మా ఆవిడకు చేసి అధికారుల నిర్లక్ష్యం అని చెప్పింది.

అక్కా, ఆ రెండో సంగతి మళ్లీ ఆలోచించు. నోటితోనే అంటావు. ఎందుకో రాయవు. నాలుగు శిక్షణ విమానాలు గాల్లో ఉన్నప్పుడు నేను పైలట్ల మాట వినాలా, ఫోను పట్టుకొని నీ "అందింది" కోసం కాచుకొని ఉండాలా? మాట తగ్గితే చెవి ఖాళీ అవుతుంది. చెవి ఖాళీ అయితే భద్రత. ఇది నేను చెప్పేది కాదు, మనకు పాఠం చెప్పినోళ్లంతా చెప్పిందే. నువ్వు నాకంటే ముందు చదివిన పాఠమే.

ఆ పద్ధతి ఎంత హాయో చూడాలని ఇంట్లో కూడా పెట్టినా. పొద్దున వంటింట్లో శశికళతో మాటలు పెరిగి నాకు బస్సు తప్పుతాంది. అందుకని ఒప్పందం చేసుకున్నాం. ఆమె క్యారియర్ ఫ్రిజ్ పక్కన స్టూలు మీద పెడుతుంది. నేను తీసుకొని పోతా. ఎవరూ మాట్లాడకూడదు. వారం దినాలు బ్రహ్మాండంగా నడిచింది. ఎనిమిదో దినం టవర్లో మధ్యాహ్నం మూత తీస్తే గుండీలు, దారపు కండెలు, కొలతల టేపు. స్టూలు మీద నేను ఎత్తుకొచ్చింది ఆమె కుట్టు డబ్బా. ఆ దినం క్యారియర్ పొయ్యి గట్టు మీదే ఉండిపోయిందంట.

"తేడా ఉంటే ఫోన్ చేయాల గదా, అదే గదా పద్ధతి!" అని ఇంటికొచ్చి అరిచినా.

"నేను రోజూ పెట్టినట్లే పెట్టబోతాంటి. నువ్వే ముందుగా వచ్చి చేతికందింది ఎత్తుకపోతివి. తేడా వచ్చింది డబ్బాలో కాదు, నీలో" అంది. తర్వాత, "బ్లౌజుకు ఎన్ని గుండీలు తగ్గినాయో చూసుకోవాల. ఏమైనా తిన్యావా?" అని అడిగింది. యేసుప్రసాద్ పెట్టిన చిత్రాన్నం తిన్యా అని చెప్పలేదు. కోపంగా ఉన్నా కాబట్టి.

ఈ సంగతి రాసి ఉండకూడదేమో. నా వాదానికి ఇది బలం కాదని ఇప్పుడు తిరిగి చదువుకుంటే అర్థమవుతాంది. పేజీ చింపితే వెనక వైపు మంచి పాయింట్లు పోతాయి. కాబట్టి పంపుతున్నా. విమానాలు క్యారియర్లు కావు అక్కా, అవి స్టూలు మీద ఉండిపోవు.

ఒప్పుకో. సీసా పంపుతున్నా.

వీరేంద్ర


కడప,
భాద్రపదం, శనివారం.

తమ్ముడికి,

ఐదు పేజీలూ చదివాను. గుండీల సంగతి రెండుసార్లు చదివాను.

నోటితోనే.

కారణం ఉంది. రాయను. సుందరకాండ పారాయణం మొదలుపెట్టాను, నీ పేరు మీద. కోపం తగ్గుతుంది.

సీసా అందింది. మూత రాలేదు.

హేమావతి


కర్నూలు,
కార్తీకం, సోమవారం.

గౌరవనీయులైన కడప టవర్ ఇన్‌చార్జి శ్రీమతి హేమావతి గారి సముఖమునకు,

కర్నూలు టవర్ ఇన్‌చార్జి వీరేంద్ర సవినయముగా విన్నవించుకొనునది ఏమనగా:

తమరు ఆశ్వయుజ మాసమంతయు నా ఉత్తరములకు "పారాయణం నడుచుచున్నది" అనియు, "నోటితోనే" అనియు మాత్రమే జవాబు ఇచ్చియున్నారు. ఇందువలన ఒప్పందము ఒక్క వాక్యము దగ్గర ఆగియున్నది. తమరి మౌనమునకు నేను తెలుసుకొన్న అర్థము ఏమనగా, ఈ వీరేంద్ర చెప్పిన చోట, చెప్పిన ఎత్తులో విమానమును ఉంచునను నమ్మకము తమకు లేదు. ప్రతిసారి వాని నోట చెప్పించి, తిరిగి తాము చెప్పి, సరిచూచుకొనిన గాని తమకు నిద్ర పట్టదు.

నలభైనాలుగేండ్లు నిండిన అధికారిని కషాయము తాగుమని హాట్‌లైనులో ఆదేశించిన వారి నుండి ఇంతకంటె ఆశించుట నా తప్పు.

శ్రీ ఉమామహేశ్ గారు ఇరుపక్షముల వాదన వినుటకు స్వయముగా వచ్చుచున్నారు. కడప నాకు దూరము, కర్నూలు తమకు దూరము అని, ఇరువురికీ చెందిన స్థలము మైదుకూరు కావున, శ్రీమతి నాగజ్యోతి గారి ఇంట వచ్చే ఆదివారము సమావేశము ఏర్పాటు చేయడమైనది. భోజనము అక్కడే. అలసంద వడలు కూడా చేయుదునని గృహస్థురాలు తెలియజేసియున్నారు.

శశికళ గారు గ్రైండరును బద్వేలుకు ఇదివరకే పంపివేసిన సంగతి తమకు తెలియజేయడమైనది. వారు స్వయముగా తరలుట కార్తీకము ముగిసిన మరుసటి దినము. నేను దిబ్రూగఢ్‌కు గొడుగు కొనుక్కొనియున్నాను.

మూత జతపరచడమైనది.

ఇట్లు,
భవదీయుడు
వీరేంద్ర,
ఇన్‌చార్జి (ప్రస్తుతానికి)


కడప,
కార్తీకం, సమావేశం మరునాడు.

వీరేంద్రా,

నిన్న నేను మళ్లీ "నోటితోనే" అనగానే నువ్వు "నీకు నేనింకా ముక్కు కారే పిల్లోన్నే లేక్కా" అని పళ్లెం ముందు నుంచి లేచి పోయావు. బస్సెక్కేదాకా వెనక్కి చూడలేదు. సంగటి ముద్ద సగం అట్లే ఉంది. నాగజ్యోతి వీధి ఆవుకు పెట్టింది. "ఇన్‌చార్జి గారి ఎంగిలి తినమ్మా" అని ఆవుకు చెప్పి మరీ పెట్టింది.

నువ్వు పోయాక జరిగింది నీకు తెలియాలి. అందుకే పెద్ద ఉత్తరం రాస్తున్నాను.

ఉమామహేశ్ గారు నాగపూర్ రైల్వే క్వార్టర్స్‌లో పెరిగినవారు. తెలుగు బాగానే మాట్లాడతారు, మన ఇండ్ల పట్టింపులు తెలియవు. నువ్వు లేచి పోయేసరికి ఆయన ఏం చేయాలో తెలియక తింటూ కూర్చున్నారు. పప్పులో ఉప్పు తక్కువైంది. నా పక్కనున్న ఉప్పు గిన్నె ఇమ్మని చేయి చాపారు. నేను గిన్నె తీసి ఆయన పళ్లెం పక్కన నేల మీద పెట్టాను. ఆయన చేయి గాల్లోనే ఉంది.

"మేడమ్, నేను చేయి చాపాను కదా" అన్నారు. కొంచెం నొచ్చుకున్నట్లున్నారు.

నాగజ్యోతి అందుకుంది. "సారూ, ఉప్పు చేతికి చేతికి ఇయ్యకూడదు. ఇస్తే జగడమొస్తాది. ఆయమ్మ కింద పెట్న్యాది, నువ్వు తీస్కో. అంతే."

ఆయన తీసుకున్నారు. పప్పులో వేసుకున్నారు. తర్వాత తినకుండా ఆ గిన్నెనే చూస్తూ కూర్చున్నారు. నేను ఉప్పు ఎక్కువైందేమో అనుకున్నాను.

"మీరు పెట్టారు. నేను తీసుకున్నాను" అన్నారు. "మధ్యలో ఎవరూ ఏమీ మాట్లాడలేదు. ఉప్పు ఒలకనూ లేదు. మీ తమ్ముడు అడిగేది కూడా ఇదే కదా మేడమ్?"

నేను ఉప్పు గిన్నె నా పక్కకు జరుపుకున్నాను.

నాగజ్యోతి వడల గిన్నె దించి నా ముందుకు వచ్చింది. "ఏమక్కా, వాడడిగేది ఇంతేనా? ఉప్పు పెట్టినట్ల విమానం పెడతా, తీస్కో అంటాండాడా? దీనికా నాలుగు నెల్లాయ మీరు కొట్లాడేది? దీనికా శశికళ గ్రైండర్ బద్వేలుకు పాయ?"

ఉమామహేశ్ గారు చేయి కడుక్కొని వచ్చి ఎదురుగా కూర్చున్నారు.

"మేడమ్, మీ రికార్డులు అన్నీ విన్నాను. మీరు చాలా టవర్లతో మాట్లాడతారు. అందరికీ 'అందింది' అనగానే ఫోను పెట్టేస్తారు. కర్నూలుకు మాత్రం పెట్టరు. అతను పెట్టేదాకా పట్టుకునే ఉంటారు. ఆ ఖాళీ టేపులో నాకు వినిపిస్తుంది. లైనులో లోపం ఉందనుకొని నేనే మెకానిక్‌ను పంపాను."

ఆషాఢం చివర్లో ఒక మెకానిక్ వచ్చి మా హాట్‌లైను ఫోను విప్పి, ఊది, బిగించి పోయాడు. ఏ లోపమూ లేదని రాసిచ్చాడు. అది ఎందుకో నాకప్పుడే తెలుసు. చెప్పలేదు.

నిన్న ఆయనకు చెప్పాను. నీకు రాస్తున్నాను.

నువ్వు దిబ్రూగఢ్‌లో ఉన్నన్నాళ్లూ వారానికోసారి ఫోను చేసి "బాగుండానక్కా" అనేవాడివి. బాగుండేవాడివి కాదు. ఆ ఒక్క మాటకు తయారై చేసేవాడివి కాబట్టి నాకు తెలిసేది కాదు. శశికళ చెబితే తెలిసేది, అది కూడా అయిపోయినాక. ఇప్పుడు అట్లా కాదు. విమానం వచ్చినప్పుడల్లా నీ గొంతు వస్తుంది. "మూడు వేల అడుగులు" అంటావు. దాంట్లోనే నాకు అన్నీ తెలుస్తాయి. తిన్నావా, పడుకున్నావా, శశికళతో మాట ఉందా లేదా అన్నీ. అడుగుల గురించి మాట్లాడేటప్పుడు నువ్వు ఏదీ దాచుకోలేవు. నీ కొత్త పద్ధతిలో విమానం వస్తుంది. గొంతు రాదు.

నమ్మకం లేక కాదు. నీ విమానం ఏనాడూ చెప్పిన ఎత్తు తప్పలేదు.

ఇది విని నాగజ్యోతి ఏడ్చింది. తర్వాత, "నా గొంతు మాత్రం రోజూ ఫ్రీగా వస్తాది కాబట్టి నీకు లెక్క ల్యా" అంది.

గొంతు కావాలని పట్టుబడితే మనిషే పోతాడు. ఇంత మాత్రం నాకు ముందే తోచి ఉండాలి. పారాయణంలో కూడా తోచలేదు.

సంతకం పెట్టాను. నువ్వు అడిగినట్లే, మాట లేని అప్పగింత. కింద నా చేత్తో ఒక వాక్యం చేర్చాను. ఉమామహేశ్ గారు చదివి, నన్ను చూసి, తానూ పెట్టారు. కాగితం పంపుతున్నాను. నువ్వు కూడా పెట్టు.

పళ్లెం ముందు నుంచి లేవకు. ఎంత కోపమున్నా.

అక్క


కర్నూలు,
కార్తీకం, చివరి శుక్రవారం.

అక్కా,

సంతకం పెట్టినా. కాగితం పైఆఫీసుకు పోయింది. నిన్ననే జవాబు కూడా వచ్చింది: కర్నూలు ముక్క కర్నూలుకే. నేను ఈడనే. గొడుగు యేసుప్రసాద్‌కు ఇచ్చేసినా. కర్నూల్లో గొడుగుతో ఏం చేసుకోవాలి సార్ అన్నాడు. ఎండకు పట్టుకో అన్నా.

నీ వాక్యం చదివి నవ్వాలో, ఏం చేయాలో తెలియలేదు. "ప్రతి ఉదయము హాట్‌లైను పనిచేయుచున్నదో లేదో పరీక్షించవలెను. రెండింటిలో వయసున చిన్నదైన టవర్ ముందుగా ఫోను చేయవలెను." వయసున చిన్న టవర్ ఏందక్కా! మా టవర్ నీ టవర్ కన్నా తర్వాత కట్టిందే కాబట్టి ఉమామహేశ్ గారు నోరెత్తలేదు గానీ, ఆయనకు అర్థం కాలేదంటావా?

యేసుప్రసాద్ అడగనే అడిగినాడు. "సార్, లైను పరీక్ష వారానికోసారి చాలు గదా, దినామూ ఎందుకు?"

"భద్రత" అన్నా. నీ మాదిరే, ఒక్క మాట.

ఇంకోటి చెప్తా, మళ్లీ అడగొద్దు. ఫోను నువ్వు పెట్టేయవు సరే. నేనూ ముందు పెట్టాలని పెట్టేవాణ్ని కాదు. నువ్వు పెడతావేమోనని పట్టుకొని ఉండేవాణ్ని. ఇంకో ఫోన్ మోగుతాంది సార్ అని యేసుప్రసాద్ మోచేత్తో పొడిస్తే పెట్టేవాణ్ని. కాబట్టి ఆ మెకానిక్‌ను మా టవర్‌కు కూడా పంపి ఉండాల్సింది.

శశికళ కదలలేదు. గ్రైండరే తిరిగి వచ్చింది. ఇద్దరం దాన్ని బద్వేలు నుంచి తెచ్చుకుంటూ దారిలో మైదుకూరులో దిగినాం. పళ్లెం ఇడ్సిపెట్టి లేచినందుకు నాగజ్యోతక్కకు క్షమాపణ చెప్పుకోవాలని శశికళ ఆదేశం. గడప దాటకముందే చెప్పినా.

"నోటి మాటతో యాడ పోతాది? కూకో" అని రెండు ముద్దల సంగటి, నాటుకోడి పులుసు పెట్టింది. రెండూ మిగల్చకుండా తిన్యా. బయట వీధి ఆవు వాకిట్లోకి తల పెట్టి చూసి, నన్ను చూసి, నిరాశగా పోయింది.

నాగజ్యోతక్క నీ మీద ఒక ఫిర్యాదు చెప్పింది. తమ్ముడు తనకు దినామూ ఫోన్ చేయాలని వాక్యం రాసుకుంది, నాకెందుకు రాయల్యా అని. ఇంక నీ ఇష్టం.

సోమవారం నుంచి పరీక్షలు మొదలు. పొద్దున్నే చేస్తా.

వీరేంద్ర


కడప,
మార్గశిరం, గురువారం.

తమ్ముడు వీరేంద్రకు,

నాగజ్యోతికి రోజూ సాయంత్రం నేనే చేస్తున్నాను. నిన్న ఆమె ఎత్తలేదు. సీరియల్ వస్తోందట.

మాట లేని అప్పగింత బాగుంది. విమానాలు చెప్పిన చోటికి, చెప్పిన ఎత్తుకు వస్తున్నాయి. నువ్వు చెప్పింది నిజమే, చెవి ఖాళీగా ఉంటుంది. భుజం నొప్పి కూడా తగ్గింది.

ఈ రోజు పొద్దున లైను పరీక్షలో నీకు మూడు ఇచ్చానని అలిగావని యేసుప్రసాద్ చెప్పాడు. మాట స్పష్టంగా వినబడితే ఐదు, కష్టపడి వింటే మూడు. ఇది నువ్వు మీ కొత్త పిల్లలకు చెప్పే పాఠమే. సోమ, మంగళ, బుధవారాలు ఐదు ఇచ్చాను. ఈ రోజు "కడపా, ఎలా వినబడుతోంది" అన్న మాటలో సగమే బయటికి వచ్చింది.

మూడు ఇస్తే రిజిస్టరులో కారణం రాయాలి. అది నియమం. నేను రాసింది నీకూ తెలియాలి, ఉమామహేశ్ గారు అడిగితే ఇద్దరం ఒకటే చెప్పాలి కదా.

"లైనులో లోపం లేదు. అవతలి టవర్ నోట్లో ఉగ్గాని ఉంది."

బజ్జీ కూడా ఉందని తెలుసు. అది రాయలేదు.

రేపటి నుంచి తిని, నీళ్లు తాగి, తర్వాత ఫోను చెయ్.

వద్దులే. తింటూనే చెయ్.

అక్క